పిల్లల కేసులు వినే జడ్జిలకు, ఫైల్లో నేను రాసిన ఒక్క లైన్ గురించి

గౌరవనీయులైన న్యాయమూర్తులకు,

పిల్లల కేసుల్లో మీ బల్ల మీదకి వచ్చే రిపోర్టులు ఉంటాయి కదా, ఆ పిల్లాడు ఎవరు, ఇల్లు ఎలాంటిది, బడిలో ఎలా ఉండేవాడు అని, అవి రాసిన మనిషిని నేను. పద్నాలుగేళ్లు అదే పని చేశాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను, అందుకే ఈ మాటలు అందరూ చదివేలా రాస్తున్నాను. ఇందులో తప్పు ఎవరిదీ అంటే మొదట నాదే, అది ముందే ఒప్పుకుని మొదలుపెడతా.

ఆ రిపోర్ట్ ఫారంలో "కుటుంబ వాతావరణం" అని ఒక గడి ఉంటుంది, మీకు తెలుసు. అందులో నేను "సాధారణం" అని రాసిన ఫైళ్లు ఎన్నో నాకే లెక్క లేదు. టైం ఉండదు, రేపు హియరింగ్ అంటే ఇవాళ మధ్యాహ్నం కాగితాలు చేతికొస్తాయి, తల్లిదండ్రులు వచ్చారు, శుభ్రంగా ఉన్నారు, మర్యాదగా మాట్లాడారు, తండ్రికి ఉద్యోగం ఉంది, ఇంకేం కావాలి, సాధారణం. అలా రాసిన వాటిల్లో ఒకటి మాత్రం నన్ను వదలట్లేదు.

పదిహేనేళ్ల అబ్బాయి. క్లాసులో టీచర్ లేని టైంలో వెనక బెంచీ కుర్రాడు సరదాకి వెనకనుంచి వచ్చి వీడి మెడ మీద చెయ్యేసి నొక్కాడు. అంతే. వీడు లేచి పక్కనున్న కుర్చీ ఎత్తి కొట్టాడు, ఒక దెబ్బ కొట్టి ఆగలేదు, నలుగురు పట్టుకుని లాగేదాకా కొడుతూనే ఉన్నాడు. అవతలి పిల్లాడికి దవడ ఎముక విరిగింది. కోర్టులో "ఎందుకు కొట్టావ్" అని మీలో ఒకరు అడిగారు. "ఏమో" అన్నాడు. మళ్ళీ అడిగారు, కాస్త గట్టిగానే. "తెలీదు సార్" అన్నాడు, మొహంలో ఏమీ లేదు, ఏడుపు లేదు, భయం లేదు, గోడకేసి చూస్తున్నాడు. ఆర్డర్లో "పశ్చాత్తాపం కనపడలేదు" అని వచ్చింది. నేనైనా అదే రాసేదాన్ని, ఆ రోజు నాకూ అలాగే అనిపించింది.

నేను వాడితో మాట్లాడింది ఇరవై నిమిషాలు. పక్క కుర్చీలో తండ్రి కూర్చునే ఉన్నాడు. ఇంట్లో ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగితే వాడు ముందు తండ్రి వైపు చూసి తర్వాత నా వైపు చూసి లేదన్నాడు, రాత్రి ఎన్నింటికి పడుకుంటావ్ అన్నా అంతే, ముందు అటు చూపు తర్వాత జవాబు. ఆ చూపు నేను చూశాను. పెద్దల ముందు భయభక్తులున్న పిల్లాడు అనుకున్నా. రిపోర్టులో "తండ్రి పట్ల గౌరవం ఉంది" అని కూడా రాశానండీ.

ఆరు నెలల తర్వాత వాడు ఉంటున్న హోమ్‌కి ఫాలో అప్ కోసం వెళ్తే నైట్ డ్యూటీలో ఉండే గార్డు ఒకాయన నాతో మాటల్లో ఒక విషయం చెప్పాడు. ఈ అబ్బాయి మంచం మీద పడుకోడు మేడమ్, పరుపు కిందకి లాగి గది మూలకి జరిపి వీపు గోడకి ఆనించి తలుపు వైపు చూస్తూ పడుకుంటాడు, తెల్లారేసరికి మళ్ళీ పరుపు మంచం మీదకి ఎక్కించేస్తాడు ఎవరూ తిట్టకుండా, అని. ఆయన పెద్దగా చదువుకున్న మనిషి కాదు, ట్రైనింగ్ ఏమీ లేదు, ఆరు నెలలు రాత్రిపూట చూశాడు అంతే, నా రిపోర్ట్ మొత్తంలో లేని విషయం ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఆ రోజు తర్వాత నేను నాలుగు సార్లు వెళ్లి వాడితో కూర్చున్నా. మొదటి మూడు సార్లు చదువు గురించి, హోమ్ గురించి, ఏవో కబుర్లు. నాలుగోసారి వాడే చెప్పాడు. హోంవర్క్ చేస్తుంటే నాన్న వెనకనుంచి వచ్చి మెడ పట్టుకుని బల్లకేసి కొట్టేవాడట, ఆరేళ్ల వయసు నుంచీ, ఎప్పుడు వస్తాడో తెలీదు కాబట్టి చెవులు ఎప్పుడూ వెనకే పెట్టుకుని ఉండేవాడట. "క్లాసులో వాడు మెడ పట్టుకున్నాక ఏం జరిగిందో నాకు నిజంగా తెలీదు మేడమ్" అన్నాడు. కోర్టులో అన్నది కూడా అదే, తెలీదు అని. వాడు అబద్ధం ఆడలేదు.

ఇంతకుముందు ఎందుకు చెప్పలేదు అని అడిగా. ఎవరడిగారు అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగా అన్నాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది అని పెద్దవాళ్లం అనుకుంటాం కదా ఇంటి గుట్టు గురించి, ఆ పిల్లాడు అది ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి, లేదంటే ఈ లెటర్ అంతా వాడిని వెనకేసుకొస్తున్నట్టు ఉంటుంది. దవడ విరిగిన పిల్లాడి తల్లితో కూడా నేను మాట్లాడాను. ఆ పిల్లాడు వారాల తరబడి నోరు తెరిచి తినలేకపోయాడు, బడికి వెళ్లాలంటే వణికేవాడు. వాడు చేసిన తప్పు సరదాకి మెడ మీద చెయ్యేయడం ఒక్కటే. ఆవిడ నన్ను అడిగింది కూడా ఒక్కటే, ఆ అబ్బాయి మళ్ళీ ఎవర్నీ ఇలా కొట్టకుండా చూస్తారా అని. నేను మీకు రాస్తున్నది ఆవిడ అడిగిన దాని గురించే అనుకోండి. వాడికి ఏం జరిగిందో తెలీకుండా, మళ్ళీ కొట్టకుండా చేయడం ఎలాగో మీకూ తెలీదు నాకూ తెలీదు, కోపం తగ్గించుకోవడం ఎలా అనే క్లాసులో కూర్చోబెడతాం, వాడి సమస్య కోపమే కాదు, భయం.

చిన్నప్పటి దెబ్బలకీ తర్వాత చేసే నేరాలకీ సంబంధం ఉందా అంటే ఉంది, కానీ ఎంత ఉంది అనేది జాగ్రత్తగా చెప్పుకోవాలి, ఎందుకంటే రెండు వైపులా జనం దీన్ని సాగదీస్తారు. దీని మీద బాగా పేరున్న స్టడీ క్యాథీ స్పాట్జ్ విడమ్ గారిది, అమెరికాలో. 1967 నుంచి 1971 మధ్య కోర్టుల్లో రుజువైన కేసులు తీసుకున్నారు, పదకొండేళ్లు లేదా అంతకంటే చిన్న వయసులో దెబ్బలకీ లైంగిక హింసకీ నిర్లక్ష్యానికీ గురైన 908 మంది పిల్లలు, వాళ్లతో పోల్చడానికి అదే వయసు, అదే ఆడా మగా, అదే జాతి, దాదాపు అలాంటి ఆర్థిక పరిస్థితే ఉన్న 667 మంది. వీళ్లంతా పెద్దయ్యాక పోలీస్ రికార్డులు తీసి చూశారు. మొదటి ఫలితాలు 1989లో వచ్చాయి, 2001లో అప్‌డేట్ ఇచ్చారు. ఆ అప్‌డేట్ ప్రకారం హింసకి గురైనవాళ్లలో మైనర్‌గా ఉండగా అరెస్ట్ అయినవాళ్లు నూటికి దాదాపు 27 మంది, పోల్చిన గ్రూపులో నూటికి 17 మంది. మొదటి అరెస్ట్ కూడా వీళ్లకి చిన్న వయసులోనే అయింది, నేరాల సంఖ్యా ఎక్కువే.

ఈ లెక్కలో నాకు బలంగా అనిపించేది ఏంటంటే, ఇది పెద్దయ్యాక "నన్ను చిన్నప్పుడు కొట్టారు" అని చెప్పుకున్న మాటల మీద నడిచింది కాదు. జైల్లో ఉన్నవాళ్లని అడిగితే చాలామంది అవుననే అంటారు, దాంతో ఏదీ తేలదు, కొట్టించుకుని కూడా జైలుకి రానివాళ్లు ఆ లెక్కలోకే రారు కదా. విడమ్ గారు చిన్నప్పుడే రుజువైన పిల్లల్ని పట్టుకుని ముందుకి చూసుకుంటూ వెళ్లారు. కాబట్టి తేడా నిజమే. కానీ ఆ 27 పక్కనే ఇంకో నంబర్ ఉంది, 73. నూటికి 73 మంది మైనర్‌గా ఒక్కసారి కూడా అరెస్ట్ అవ్వలేదు. దెబ్బలు తిన్న పిల్లలు నేరస్థులవుతారు అని ఎవరైనా మీ ముందు అంటే ఆ 73 మందిని అవమానించినట్టే. పైగా అరెస్ట్ అనేది నేరం జరిగిందన్న లెక్క కూడా కాదు, పట్టుబడ్డారన్న లెక్క మాత్రమే.

ఆ అప్‌డేట్లోనే ఇంకో విషయం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. తర్వాత హింసాత్మక నేరాల్లో అరెస్ట్ అయ్యే అవకాశం ఎక్కువగా కనిపించింది దెబ్బలు తిన్న పిల్లల్లో, ఇంకా నిర్లక్ష్యానికి గురైన పిల్లల్లో. నిర్లక్ష్యం! ఎవరూ చెయ్యి ఎత్తలేదు, ఒంటి మీద మచ్చ ఉండదు, ఫోటో తీయడానికి ఏమీ ఉండదు, ఆ పిల్లాడు తిన్నాడా పడుకున్నాడా జ్వరం వచ్చిందా అని అడిగే మనిషి లేకపోవడం అంతే. మా ఫారంలో దెబ్బల గురించి అయినా ఒక ప్రశ్న ఉండేది, నిర్లక్ష్యం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. "నీకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు" అని నేను చివరి మూడు నాలుగేళ్లు అడగడం మొదలుపెట్టా. ఆ ప్రశ్నకి పిల్లలు ఆలోచించుకునే టైం చూడాలండీ మీరు. కొంతమందికి జవాబే దొరకదు.

ఇప్పుడు, అందరికీ కాకుండా కొందరికే ఇలా ఎందుకవుతుంది, ఎలా అవుతుంది అనే సంగతి. ఇందులో అన్నీ తేలిపోయాయని నేననను, కానీ తెలిసింది మాత్రం మీ కోర్టులో రోజూ కళ్ల ముందు కనిపించేదే. 1990లో కెన్నెత్ డాడ్జ్, జాన్ బేట్స్, గ్రెగరీ పెటిట్ అనే ముగ్గురు 309 మంది చిన్న పిల్లల మీద చేసిన స్టడీ ఉంది, బడిలో చేరకముందు నాలుగేళ్ల వయసులో మొదలుపెట్టి కిండర్‌గార్టెన్ దాకా చూశారు. ఇంట్లో గాయపడేలా దెబ్బలు తిన్న పిల్లలు ఎదుటివాడు ఏం చేశాడన్నది సరిగ్గా గమనించకముందే వీడు నాకు కావాలనే చెడు చేశాడు అని అనుకునే అవకాశం ఎక్కువ అని తేలింది, గొడవ పడకుండా బయటపడే దారులు కూడా వాళ్లకి తక్కువ తట్టాయి. సేత్ పొలాక్ అనే ఆయన వేరే రకంగా చూశారు, మొహాల బొమ్మలు మసకగా మొదలుపెట్టి కొద్దికొద్దిగా స్పష్టం చేస్తూ చూపిస్తే దెబ్బలు తిన్న పిల్లలు కోపం ఉన్న మొహాన్ని మిగతా పిల్లలకంటే ముందే, ఇంకా మసకగా ఉండగానే, గుర్తుపట్టేశారు.

నాకు దీంట్లో లోపం కంటే నేర్పు ఎక్కువ కనిపిస్తుంది. కోపం ఎప్పుడు వస్తుందో అర సెకను ముందు తెలిస్తే తల పక్కకి తిప్పుకోవచ్చు, అమ్మ వెనక్కి వెళ్లొచ్చు, తమ్ముడిని బయటికి పంపేయొచ్చు, ఆ ఇంట్లో బతకడానికి ఆ నేర్పు కావాలి. అదే నేర్పు బడిలోకి, రోడ్డు మీదకి, మీ కోర్టు గదిలోకి వాడితోపాటే వస్తుంది, తీసి బయట పెట్టి రావడానికి అది చెప్పులజత కాదు కదా. మీరు మామూలుగానే చూశారు, వాడికి అది కోపంగా కనిపించింది. మీరు గొంతు కాస్త పెంచారు, వాడు లోపలికి వెళ్లిపోయి తలుపేసుకున్నాడు. ఆ గోడకేసి చూడటమే మీకు పశ్చాత్తాపం లేకపోవడంగా కనిపించింది. చాలా ఏళ్లు దెబ్బలు తిన్న పిల్లలు పెద్ద గొంతు వినగానే అలా రాయిలా అయిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో, అది పొగరు కాదండీ, అంతకుమించి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు ఆ నిమిషంలో.

ఇంకో కేసు చెప్పాలి, ఇది వేరే దారి. ఒక అమ్మాయి, పద్నాలుగేళ్లు, ఇంట్లోంచి నాలుగుసార్లు పారిపోయింది. నాలుగుసార్లూ పట్టుకుని అదే ఇంటికి దిగబెట్టారు, ప్రతిసారీ తల్లికి రసీదు రాయించుకున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. ఐదోసారి పారిపోయినప్పుడు బస్సులో ఒకరి బ్యాగ్ కొట్టేసింది, ఫోన్ అమ్మబోతూ దొరికింది. అప్పుడు ఫైల్ నా దగ్గరికి వచ్చింది, "ఇల్లు వదిలి వెళ్లే అలవాటు ఉంది" అని అందులో ముందే రాసి ఉంది. అలవాటు! ఇంట్లో ఉంటున్న ఒక బంధువు రాత్రిళ్లు ఆ పిల్ల గదికి వస్తుంటే, తల్లికి చెబితే నోరుమూసుకోమంటే, ఆ పిల్ల చేయగలిగిన ఒకే ఒక్క తెలివైన పని పారిపోవడం. మనం ఆ తెలివైన పనికి అలవాటు అని పేరు పెట్టి, ఆ తర్వాత బయట బతకడానికి చేసిన దొంగతనానికి సెక్షన్ పెట్టాం. ఆడపిల్లల కేసుల్లో ఇది మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది, ఇక్కడ దెబ్బకీ నేరానికీ మధ్య మెదడూ మనస్తత్వం లాంటి పెద్ద విషయాలేమీ అక్కర్లేదు, ఇంట్లోంచి పారిపోయిన పిల్లకి రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్న ప్రశ్న చాలు. నాలుగుసార్లలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఎందుకు వెళ్లిపోతున్నావ్" అని ఆ తల్లి లేనప్పుడు ఎవరైనా అడిగి ఉంటే ఆ ఐదోసారి ఉండేదే కాదు.

మీలో ఒకరు, పేరు చెప్పను, ఒకసారి హియరింగ్ అయ్యాక నాతో అన్నారు, మా నాన్న కూడా నన్ను బెల్టుతో కొట్టాడమ్మా, నేనేమైనా దొంగనయ్యానా, జడ్జినయ్యాను అని. దండం దశగుణం భవేత్ అని కూడా అన్నారు. అప్పుడు నేను ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నా సార్. మీరు ఆ 73 మందిలో ఒకరు, అది నిజంగా సంతోషించాల్సిన విషయం. కానీ మీరు జడ్జి అయింది ఆ బెల్టు వల్ల కాదు, బెల్టు ఉన్నా అయ్యారు. మీ విషయంలో ఇంకెవరో ఉండి ఉంటారు, ఒక అమ్మమ్మో, ఒక టీచరో, రాత్రి అన్నీ అయ్యాక పక్కన కూర్చున్న మనిషి. హవాయిలో కవాయ్ అనే దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని, 698 మంది, పెద్దయ్యేదాకా గమనిస్తూ వెళ్లారు ఎమ్మీ వెర్నర్ గారూ రూత్ స్మిత్ గారూ. పేదరికం, తల్లిదండ్రుల గొడవలు, జబ్బులు ఇలా చాలా కష్టాలు ఒకేసారి ఉన్న పిల్లల్లో కూడా మూడోవంతు మంది చక్కగా, నిలకడగా పెరిగారు, వాళ్ల జీవితాల్లో కనిపించిన వాటిల్లో ముఖ్యమైనది ఇదే, తల్లీతండ్రీ కాకపోయినా సరే నమ్మదగ్గ పెద్దమనిషి ఒకరు ఉండటం. కుర్చీతో కొట్టిన ఆ అబ్బాయికి అలాంటి మనిషి లేడు. ఉండాల్సిన స్థానంలో ఇరవై నిమిషాలు నేను ఉన్నాను, "సాధారణం" అని రాసి లేచి వెళ్లిపోయాను.

ఇంతవరకు చదివి సరే ఇకనుంచి అందర్నీ అడుగుదాం అనుకుంటే, అక్కడ ఒక పెద్ద గొయ్యి ఉంది, అది చెప్పకపోతే ఈ లెటర్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ జరుగుతుంది. చాలా చోట్ల ఇప్పుడు రిస్క్ స్కోర్ అని ఒక పద్ధతి వచ్చింది, పిల్లాడు మళ్ళీ నేరం చేసే అవకాశం ఎంత అని మార్కులు వేసే ఫారం. వాటిల్లో కొన్నింట్లో ఇంట్లో హింస ఉందా అన్న ప్రశ్నకి అవును అంటే మార్కులు పెరుగుతాయి, మార్కులు పెరిగితే ఇంటికి పంపకుండా లోపల ఉంచడం, ఇంకా కట్టుదిట్టమైన చోట పెట్టడం. అంటే ఆ పిల్లాడు ధైర్యం చేసి జీవితంలో మొదటిసారి నోరు విప్పితే దానికి శిక్ష పెరుగుతుందన్నమాట. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. వాడికి జరిగినది వాడికి సాయం ఏం కావాలో తేల్చడానికి మాత్రమే వాడాలి, ఎన్నాళ్లు లోపల పెట్టాలో తేల్చడానికి కాదు. ఇది మీ చేతుల్లో ఉన్న పని, ఆర్డర్లో ఒక లైన్ చాలు.

నేను అడిగేవి కొత్తవి ఏమీ కావు. పిల్లల కేసులు ఎలా నడపాలో చెప్తూ 1985లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న బీజింగ్ రూల్స్‌లో 16వ రూల్ చూడండి, చిన్నచిన్న తప్పులు తప్ప మిగతా అన్ని కేసుల్లోనూ తుది నిర్ణయానికి ముందు ఆ పిల్లాడు ఎలాంటి పరిస్థితుల్లో బతుకుతున్నాడు, ఏ పరిస్థితుల్లో ఆ పని చేశాడు అన్నది సరిగ్గా విచారించాలి అని ఉంది. సరిగ్గా అనే మాట అక్కడే ఉంది. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలో 37వ ఆర్టికల్ పిల్లల్ని నిర్బంధించడం ఆఖరి మార్గంగానే ఉండాలి, వీలైనంత తక్కువ కాలమే ఉండాలి అంటుంది, 39వ ఆర్టికల్ హింసకీ నిర్లక్ష్యానికీ గురైన పిల్లలు కోలుకునేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే అంటుంది, 40వది నేరం మోపబడిన పిల్లల గురించి. నా బాధ ఏంటంటే ఈ 39, 40 రెండూ ఒకే పిల్లాడి గురించి అని మనకి ఎప్పుడూ తట్టదు. 39 కింద వచ్చే పిల్లల ఆఫీసు వేరు, 40 కింద వచ్చే పిల్లల ఆఫీసు వేరు, ఒకరి ఫైల్ ఇంకొకరికి కనిపించదు. ఆ అమ్మాయి గురించి నాకు తర్వాత తెలిసింది, పదేళ్ల వయసులోనే ఆ ఇంటి మీద ఒక పొరుగామె కంప్లైంట్ ఇచ్చింది, ఆ కాగితం పక్క ఆఫీసులోనే ఉంది, నా గదికీ ఆ గదికీ మధ్య ఒక్క గోడ.

కాబట్టి మీరు చేయగలిగింది చెప్తా. తల్లిదండ్రుల్ని బయట కూర్చోబెట్టి పిల్లాడితో ఒంటరిగా, కనీసం రెండు మూడుసార్లు, వేర్వేరు రోజుల్లో మాట్లాడి రాసిన రిపోర్టు అయితేనే తీసుకోండి. కాకపోతే వెనక్కి పంపండి. నాలాంటి వాళ్లు విసుక్కుంటారు, ఒకటికి పది వెనక్కి వస్తే మా పై ఆఫీసర్లు మనుషుల్ని పెంచుతారు, ఇంతకుమించి వాళ్లని కదిలించే దారి నాకు తెలీదు. మాట్లాడే ముందు పిల్లాడికి నిజం చెప్పాలి, నువ్వు చెప్పింది నీ కేసులో నీకు వ్యతిరేకంగా వాడం, కానీ నిన్నో మీ తమ్ముణ్నో చెల్లినో ఎవరైనా ఇప్పటికీ కొడుతుంటే అది మాత్రం నేను దాచలేను అని. ఎవరికీ చెప్పను అని మాటిచ్చి చెప్పించుకుని తర్వాత చెప్పేస్తే వాడు ఇక జన్మలో ఎవర్నీ నమ్మడు. బెయిల్ ఇచ్చేటప్పుడు తండ్రి చేతికి అప్పగించడం అనేది కళ్లు మూసుకుని చేసే పని కాకూడదు, ఆ ఇల్లు ఎలాంటిదో తేలేదాకా పిన్నో తాతో ఇంకెవరైనా ఉన్నారా అని అడగండి. హోముల్లో కొట్టడం, ఒంటరి గదిలో వేయడం, రాత్రిపూట లైటేసి మీదపడి సోదా చేయడం ఉంటే, దెబ్బల వల్ల అక్కడికొచ్చిన పిల్లాడికి ఇల్లు మారింది తప్ప ఇంకేమీ మారలేదు. ఆ హోములకి మీరు వెళ్లి చూడండి, పగలు అందరూ లైన్లో నిలబడ్డప్పుడు కాదు, రాత్రి. పరుపులు ఎక్కడున్నాయో చూడండి.

టైం మించిపోయింది, పదిహేనేళ్లొచ్చాయి, ఇప్పుడేం చేసినా లాభం లేదు అనే మాట ఎక్కువ వింటుంటా. అది కూడా నిజం కాదు. అమెరికాలోనే న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో 1988లో మొదలైన స్టడీ ఒకటి ఉంది, టెరెన్స్ థోర్న్‌బెరీ గారిది, వెయ్యి మంది పిల్లల్ని గమనించారు. చిన్నప్పుడు మాత్రమే హింస ఉండి తర్వాత ఆగిపోయిన పిల్లల కంటే, టీనేజ్‌లో హింస ఉన్నవాళ్లకీ చిన్నప్పటి నుంచీ ఆగకుండా సాగినవాళ్లకీ తర్వాత నేరాలు, డ్రగ్స్ లాంటి సమస్యలు ఎక్కువగా, గట్టిగా కనిపించాయని 2001లో చెప్పారు. అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది, ఎందుకంటే దాన్ని తిప్పి చదివితే, ఇప్పుడు, ఈ పదిహేనేళ్ల వయసులో ఆపినా తేడా ఉంటుంది అని అర్థం. వాడు మీ ముందు నిలబడ్డ రోజు ఆలస్యమైన రోజు కాదు.

ఇంకా ముందే ఆపగలిగితే ఇంకా మంచిదే, అది మీ పరిధి కాదని తెలుసు, అయినా మీ మాట ప్రభుత్వాల్లో చెల్లుతుంది కాబట్టి చెప్తున్నా. న్యూయార్క్ రాష్ట్రంలోనే ఎల్మైరా అనే ఊళ్లో డేవిడ్ ఓల్డ్స్ గారు 400 మంది గర్భిణులతో ఒక ప్రయోగం చేశారు. కొంతమంది ఇళ్లకి నర్సులు కడుపుతో ఉన్నప్పటి నుంచి బిడ్డకి రెండేళ్లు వచ్చేదాకా వెళ్లారు, మాట్లాడారు, బిడ్డ ఏడిస్తే ఏం చేయాలో చూపించారు, అంతే. పదిహేనేళ్ల తర్వాత చూస్తే ఆ ఇళ్లలో పిల్లల మీద హింస, నిర్లక్ష్యం కేసులు తక్కువ, ముఖ్యంగా పేదరికంలో ఒంటరిగా ఉన్న తల్లుల పిల్లల్లో టీనేజ్ అరెస్టులు కూడా తక్కువ.

ఇక కుర్చీతో కొట్టిన ఆ అబ్బాయి సంగతి. వాడు చెప్పింది నేను రాతపూర్వకంగా పంపాను, పాత రిపోర్ట్ తప్పు అని కూడా రాశాను. ఆ కాగితం ఫైల్లో చేరిందో లేదో ఎవరూ చెప్పలేదు, ఆర్డర్ అయితే మారలేదు. టర్మ్ అయ్యాక వాడు ఆ ఇంటికే వెళ్లాడు, తర్వాత కొన్నాళ్లకి బయటికొచ్చేశాడని విన్నా. వాడికి ఒక తమ్ముడు ఉన్నాడు, అప్పటికి పదేళ్లు. నాలుగోసారి కూర్చున్న రోజు వాడు అన్నీ చెప్పేసి ఆఖర్న అడిగింది తన గురించి కాదు, "ఇప్పుడు నేను లేను కదా మేడమ్, వాడి హోంవర్క్ ఎవరు చూస్తున్నారు" అని. నేను ఆ పిల్లాడి కోసం కూడా కంప్లైంట్ పెట్టాను. ఆ ఇంటికి ఎవరో వెళ్లారట, తండ్రి తలుపు తీశాడట, పిల్లాడిని పిలిచి ఆయన ముందే అడిగారట. ఏం లేదన్నాడట.

లెక్కేస్తే ఆ తమ్ముడికి ఇప్పుడు పద్నాలుగు. ఆ పేరుతో ఫైల్ ఎప్పుడైనా మీ బల్ల మీదకి వస్తే, కుటుంబ వాతావరణం అన్న గడిలో ఏం రాసున్నా సరే, దయచేసి ముందు తండ్రిని బయటికి పంపండి.

ఇట్లు,
మీ కోర్టుల్లో పద్నాలుగేళ్లు రిపోర్టులు రాసిన ఒక మాజీ ప్రొబేషన్ ఆఫీసర్